గోధుమరంగు అద్దం

మదనపల్లె,
14-2-1981

చిరంజీవి దొరస్వామికి,

వదిన రెడ్డెమ్మ మనసారా దీవించి రాస్తున్నది. మీ అన్న సంవత్సరీకానికి నువ్వూ నా తోడికోడలు చిన్నక్కా వచ్చి నాలుగు రోజులు ఉండి, పనంతా మీ నెత్తిన వేసుకున్నారు. మీరు బస్సెక్కేటప్పుడు ఆ మాట చెబుదామనుకునేలోపే బస్సు కదిలిపోయింది. ఇప్పుడు చెబుతున్నాను. మీరు లేకపోతే ఆ నాలుగు రోజులు నాకు గడిచేవి కావు.

ఇక అసలు సంగతి. మన బట్టల కొట్టు పైకప్పు ఈ వానాకాలం దాటదు. చెంగల్రాయుడు బస్టాండు దారిలో కొత్తగా కట్టిన మేడలో కింది భాగం మనకు అద్దెకు ఇస్తానన్నాడు. గోడలూ పైకప్పూ ఉన్నాయి. లోపలి పనంతా మనదే. చిక్కల్లా ఒకటే, కొట్టు పడమటి ముఖం. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ నేరుగా లోపలికి వస్తుంది. పాత కొట్టులోనే ముందు వరస పట్టుచీరలు మడత మీద రంగు వెలిసి ఎన్ని పాడైపోయాయో నీకు తెలుసు.

బెంగళూరు నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చి బొమ్మల పుస్తకం చూపించాడు. ముందువైపు కింది నుంచి పై దాకా గోధుమరంగు అద్దం, లోపల ప్లైవుడ్డు మీద మెరిసే ప్లాస్టిక్ రేకు, పైన ట్యూబులైట్లు. ఆ అద్దం వేస్తే ఎండ రాదట, చీర వెలవదట. చూస్తే సినిమా హాలులాగా ఉంది. నువ్వు ఇలాంటి పనుల్లో తలపండినవాడివి. ఏం చెయ్యమంటావో రాయి.

పాత గుమాస్తా కృష్ణప్ప నిన్ను అడిగినట్టు రాయమన్నాడు.

మీ వదిన,
రెడ్డెమ్మ


కుప్పం,
23-2-1981

అమ్మలాంటి వదినకు,

దొరస్వామి నమస్కారాలు. నువ్వు నాకు కృతజ్ఞతలు రాయడమేమిటి? ఏడో తరగతి తప్పి ఇంటికొచ్చిన రోజు అందరూ తలా ఒక మాట అన్నారు. నువ్వొక్కదానివే అన్నతో పోట్లాడి నాకు ఉలీ సుత్తీ కొనిపించావు. ఈ రోజు నేను తింటున్నది ఆ ఉలి పెట్టిన తిండే.

పోయిన వారం బెంగళూరు వెళ్లినప్పుడు ఆ గోధుమరంగు అద్దం అరచేతి ముక్క ఒకటి అడిగి తెచ్చాను. చిన్నక్క పసుపు చీర కట్టుకుని ఉంటే దాన్ని కంటికి అడ్డం పెట్టుకుని చూశాను. చీర కాస్తా బెల్లం పాకం అయిపోయింది. "యాల నన్ను కోతిని సూసినట్ల సూస్తాండావు?" అని కోప్పడింది. నవ్వులాట కాదు వదినా. ఆ అద్దం ఎండను ఆపే మాట నిజమే. కానీ ఎండతో పాటు రంగునూ ఆపేస్తుంది. లోపల పగలే ట్యూబులైటు వేసుకోవాలి. ట్యూబులైటు కింద పసుపు ఒక రకం, వీధిలో ఇంకో రకం. అన్న ఏ రోజైనా చీరను ఎండకు చూపించకుండా రవికె గుడ్డ కత్తిరించాడా? ఎంత రద్దీ ఉన్నా "బయటికి తీసకపోయి సూడమ్మా" అనేవాడు కదా.

నా ఆలోచన ఇది. పడమట నిలువెత్తు అద్దం వద్దు. వెడల్పు చూరు దించి టేకు తలుపులు పెడదాం. ఉత్తరపు గోడ సందు వైపు ఉంది కదా, దానికి మూడు పెద్ద కిటికీలు తీసి తెల్ల అద్దం వేద్దాం. ఉత్తరం నుంచి వెలుతురు వస్తుంది, ఎండ రాదు. ఏడాదిలో మూడు నాలుగు నెలలు సూర్యుడు కాస్త అటు జరుగుతాడు, దానికి చిన్న చూరు చాలు. చీరలు పరిచి చూపించే చోటు ఆ కిటికీల కిందే ఉండాలి. గోడలకు సున్నం పూత, చల్లగా ఉంటుంది. నేలకు ఇక్కడి రాళ్ల ఫ్యాక్టరీలో మిగిలిన నల్లరాయి ముక్కలు ఉన్నాయి, ఏరుకుంటే నున్నటివి దొరుకుతాయి.

పుంగనూరులో ఒక పాత బంగళా పడగొడుతున్నారు. దాని కిటికీల టేకు ఎనభై ఏళ్లది, తట్టి చూస్తే ఇంకా గట్టిగా మోగుతుంది. అద్దాలు అక్కడక్కడా చిన్న బుడగలతో ఉన్నా నీళ్లలా తేట. నేను వెళ్లి మాట్లాడి వచ్చాను. అన్నీ మరలతో బిగిస్తాను, జిగురు వాడను. రేపు నువ్వు కొట్టు మార్చినా మళ్లీ ఊడదీసి తీసుకుపోవచ్చు. ఊడదీస్తే చెత్తయ్యే సామాను నాకు సామాను కింద లెక్క కాదు.

సరే అంటే చాలు, బండి కట్టిస్తాను.

నీ మరిది,
దొరస్వామి


మదనపల్లె,
9-3-1981

చిరంజీవి దొరస్వామికి,

దీవెనలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎంత శ్రమపడ్డావయ్యా నా కోసం. కానీ అది వచ్చేసరికే బెంగళూరు ఆయనకు మాట ఇచ్చేశాను. ఇప్పుడు వెనక్కు తీసుకుంటే బాగుండదు.

ఇంకొక మాట కూడా ఉంది. నువ్వు తప్పుగా అనుకోవద్దు. ఇటుపక్కా అటుపక్కా కొత్త కొట్లు వస్తున్నాయి, రెండూ బెంగళూరు తీరే. మధ్యలో నేను పడగొట్టిన ఇంటి తలుపులూ బుడగల అద్దాలూ పెట్టుకుంటే, మొగుడు పోయిన మనిషి, ఎక్కడో పాత సామాను ఏరుకొచ్చి కొట్టు పెట్టింది అంటారు. ఆ మాట నేను పడలేను. నువ్వు చేసే పని ఇళ్లకు బాగుంటుంది. ఇది వ్యాపారం కదా.

వైశాఖంలో కొత్త కొట్టు తెరుస్తున్నాం. నువ్వూ చిన్నక్కా ముందు రోజే రావాలి. మీ అన్న పేరే పెడుతున్నాను, లక్ష్మీపతి సిల్క్స్ అని.

రెడ్డెమ్మ


కుప్పం,
20-3-1981

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. సంతోషం. వైశాఖంలో నాకు ఇక్కడ పని ఒప్పందం ఉన్నందున రాలేను, మన్నించాలి. పుంగనూరు అద్దాలకూ టేకుకూ వేరే వాళ్లు దొరికారు. వాటి గురించి మీరు దిగులుపడవద్దు.

ఎండకు చూపించే పద్ధతి మాత్రం మానవద్దని నా మనవి.

ఇట్లు,
దొరస్వామి


మదనపల్లె,
2-9-1981

నాయనా దొరస్వామీ,

అయిదు నెలలుగా నీకు ఉత్తరం రాయలేదు. నువ్వు 'మీరు' అని రాసిన ఆ ఉత్తరం బీరువాలో ఉంది. తీసినప్పుడల్లా గుచ్చుకునేది. కోపం వచ్చి మానేశాననుకున్నావేమో. కోపం కాదు, సిగ్గు. ఈ రోజు సిగ్గు విడిచి రాస్తున్నాను.

కొట్టు గొప్పగా తెరిచాం. జనం అద్దం చూడడానికే వచ్చారు. లోపలికి దుమ్ము రాకూడదని తలుపు మూసే ఉంచాను. సరుకు బయటికి తీసుకుపోరాదని నేనే బోర్డు రాయించి పెట్టాను. మొదటి వారంలోనే కృష్ణప్ప, "అమ్మా, ఎండకు సూపించకుండా రవికె గుడ్డ కొయ్యాలంటే సెయ్యి ఆడలేదు" అన్నాడు. "ఇంత వెలుతురు పెట్టుకున్నాక మళ్లా వీధిలోకి యాల?" అని నలుగురిలో కసిరాను. ఆ ముసలాయన తల వంచుకుని వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు.

శ్రావణంలో పెద్దమండ్యం ఆదిలక్ష్మమ్మ వాళ్లు పెద్ద కూతురి పెళ్లికి వచ్చారు. మీ అన్న హయాం నుంచీ మన దగ్గర తప్ప ఎక్కడా కొనని వాళ్లు. ముహూర్తానికి పసుపు పట్టుచీర, దానికి జత రవికె గుడ్డ. లోపల చూస్తే రెండూ పండిన చామంతి రంగే. ముహూర్తం రోజు పొద్దున పందిట్లో విప్పితే చీరలో ఆకుపచ్చ జీర కనిపించిందట. రవికె ఎర్రజీర కొట్టిందట. ఇంకో చీర తెచ్చుకునే వేళ లేదు. ఆ పిల్ల అలాగే పీటల మీద కూర్చుంది.

పెళ్లి అయిన మూడో రోజు ఆదిలక్ష్మమ్మ వచ్చింది. లోపలికి రాలేదు, మెట్టు మీదే కూర్చుంది. "రెడ్డెమ్మా, తిట్టేదానికి రాలేదు. పందిట్లో ఆడోళ్లంతా నా బిడ్డను సూసి గుసగుసలాడినారు. అది తల ఎత్తలేదు. లక్ష్మీపతప్ప ఉండింటే ఇట్ల జరుగుతాండెనా? ఇంక నీ కొట్లో అడుగు పెట్టము. ఆ మాట నీకు మొగం మీద సెప్పి పోదామని వస్తిని" అంది. చీర దుడ్లు వెనక్కి ఇస్తానంటే చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఆ మాట పెద్దమండ్యంలో ఆగలేదు. రామసముద్రం దాకా పోయింది. మీ అన్న ముప్పై ఏళ్లు నిలబెట్టిన మాట నా చేతిలో మూడు నెలల్లో పోయింది. మాఘంలో పెళ్లిళ్లు ఉన్నాయి. అప్పటికీ జనం రాకపోతే ఆయన పేరున్న బోర్డు నేనే దించేస్తాను. ఆ పేరు కింద కూర్చుని మాటలు పడలేను.

ఇంకొక నిజం. నీ ఉత్తరం వచ్చేనాటికి నేను బెంగళూరు ఆయనకు మాట ఇవ్వలేదు. అది చదివిన తర్వాతే ఇచ్చాను. పాత సామాను అంటారన్న భయం అంత పని చేసింది. నిన్ను ఇప్పుడు ఏమీ అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. అలాంటి అద్దాలు ఇంకెక్కడైనా దొరుకుతాయా?

వదిన


పుంగనూరు,
11-9-1981

వదినా,

పుంగనూరు నుంచి ఈ కార్డు రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి ఆ సాయంత్రమే బయలుదేరాను. వేరే వాళ్లు దొరికారని రాసింది అబద్ధం. రోషంతో రాశాను. నీ సరే కోసం ఆగకుండా అద్దాలూ టేకూ అప్పుడే కొనేశాను. అన్నీ ఇక్కడ ఎల్లప్ప అనే రైతు పశువుల కొట్టంలో రాగిగడ్డి కింద పడుకుని ఉన్నాయి. రెండు అద్దాలు మాత్రం వాళ్ల దూడ తన్ని పగలగొట్టింది. పుంగనూరు ఆవే జానెడు, దాని దూడకు అంత కాలు ఎక్కడిదో!

ఉత్తరపు గోడలో కిటికీలు తీయడానికి చెంగల్రాయుడిని ఒప్పించు. ముందు సరుకు బయటికి తీసుకుపోరాదన్న ఆ బోర్డు పీకెయ్యి. కృష్ణప్పతో మాట్లాడు.

దొరస్వామి


మదనపల్లె,
29-11-1981

నాయనా దొరస్వామీ,

నువ్వు వెళ్లి అయిదు రోజులైంది. ఉత్తరపు కిటికీల కింద కూర్చుని ఇది రాస్తున్నాను. పగలు ఒక్క లైటూ వెయ్యలేదు. చెంగల్రాయుడు రోజూ ఏదో పని కల్పించుకుని లోపలికి వచ్చి, గోడ పగలగొట్టనివ్వనని తను మొదట అరిచిన సంగతి మరిచిపోయి, ఈ ఆలోచన తనదే అన్నట్టు నలుగురికీ చూపిస్తున్నాడు.

నిజం చెప్పనా? ఆ గోధుమరంగు అద్దాన్ని నువ్వు పగలగొట్టిస్తావనుకున్నాను. నాకు బుద్ధి రావాలని అయినా అలా చేస్తావనుకున్నాను. నువ్వేమో జాగ్రత్తగా కోయించి, పట్టుచీరల బీరువాలకు తలుపులుగా వేశావు. "ఇది సెడ్డ అద్దం కాదు వదినా. సోటు తప్పింది, అంతే" అన్నావు. ఇప్పుడు సాయంత్రం తలుపు తీసి ఉన్నా బీరువాలో చీరకు ఎండ తగలదు. బయటికి తీసి కిటికీ కింద పరిస్తే దాని అసలు రంగు కనిపిస్తుంది. నా తప్పును కూడా పారెయ్యకుండా పనికి పెట్టావు.

నల్లరాయి ముక్కల నేల మీద పిల్లల తల్లులు చల్లగా ఉందని కాళ్లు చాపుకుని కూర్చుంటున్నారు. టేకు తలుపులు చూసి పాత సామాను అని ఒక్కరూ అనలేదు. ఎక్కడ చేయించావు అని అడుగుతున్నారు. మా మరిది చేశాడని చెబుతున్నాను. ఎంత గర్వంగా చెబుతున్నానో నువ్వు వింటే సిగ్గుపడతావు.

కృష్ణప్పను కొట్టు నిండా జనం ఉన్నప్పుడే క్షమించమని అడిగాను, కసిరింది కూడా జనంలోనే కదా. "పెద్దమాటలు యాలమ్మా" అని కళ్లు తుడుచుకున్నాడు. పెద్దమండ్యం కూడా వెళ్లి, తెలియక జరిగిన పొరపాటని చెప్పాను. ఆదిలక్ష్మమ్మ కూర్చోమని మజ్జిగ ఇచ్చింది. వస్తానని మాత్రం మాట ఇవ్వలేదు.

ఆ ఉలి మాట ఎప్పుడూ ఎత్తుతావు. అది నేను కొనిచ్చింది ఒక్కరోజు పని. నువ్వు నాకు చేసిందానికి నేను జన్మంతా కృతజ్ఞురాలిని. నీలాంటి మనసు ఎవరికీ ఉండదు.

మీ వదిన,
రెడ్డెమ్మ


కుప్పం,
8-12-1981

అమ్మలాంటి వదినకు,

నీ ఉత్తరం చిన్నక్క చదివి వినిపించమంది. సగం దాకా చదివి ఆపేశాను. నాలాంటి మనసు అని రాశావే, ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఆ మనసు ఎలాంటిదో నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు.

ఆషాఢంలో, అంటే ఆదిలక్ష్మమ్మ కూతురి పెళ్లికి నెల ముందు, నేను మదనపల్లె వచ్చాను. రంపాలు కొనే పని ఉంది. పని అయ్యాక నీ కొట్టు చూద్దామని ఎదురుగా కిళ్లీ బంకు దగ్గర నిలబడ్డాను. లోపల ఏమీ కనిపించలేదు, ఎదురు మేడలు మెరుస్తున్నాయి అద్దంలో. అంతలో ఒక అమ్మాయి చీర పొట్లంతో బయటికి వచ్చింది. నాలుగు అడుగులు వేసి, పొట్లం విప్పి, రవికె గుడ్డనూ చీర అంచునూ ఎండలో పక్కపక్కన పెట్టుకుని చూసింది. మొహం చిన్నబుచ్చుకుంది. వెనక్కి తిరిగి ఆ పెద్ద తలుపు వైపు చూసి, అడగడానికి జంకి వెళ్లిపోయింది.

నాకు ఆ క్షణమే అర్థమైంది. రోడ్డు దాటి లోపలికి వచ్చి ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు. రేపు వదిన తనే తెలుసుకుంటుందిలే, అప్పుడు తెలుస్తుంది నా పని ఇళ్లకో వ్యాపారానికో అని మనసులో అనుకున్నాను. అలా అనుకున్నందుకు నాకు హాయిగా కూడా ఉంది వదినా. బస్సెక్కి వచ్చేశాను.

ఆ రోజు నేను నోరు విప్పి ఉంటే ఆ పెళ్లికూతురు పీటల మీద తల దించుకునేది కాదు. అందులో సగం పాపం నాది. నన్ను పొగడవద్దు.

దొరస్వామి


మదనపల్లె,
31-1-1982

నాయనా దొరస్వామీ,

నీ ఉత్తరం వచ్చి యాభై రోజులు దాటింది. రోజూ కాగితం తీసి మళ్లీ పెట్టేశాను. నువ్వు అంత ధైర్యంగా రాశాక నేను దాచుకుని కూర్చోవడం ఇక కుదరదు.

ఆ గోధుమరంగు అద్దంలో ఒక గుణం ఉంది. వీధిలో నిలబడ్డవాళ్లకు లోపల ఏమీ కనిపించదు. లోపల ఉన్నవాళ్లకు వీధంతా కనిపిస్తుంది. ఆ రోజు కిళ్లీ బంకు దగ్గర నువ్వు గొడుగు మడిచి నిలబడడం నేను చూశాను. ఆ అమ్మాయి రవికె గుడ్డను ఎండలో తిప్పి తిప్పి చూడడం కూడా చూశాను. నువ్వు ఆమెను చూస్తున్నావనీ తెలుసు. తలుపు పిడి మీద నా చెయ్యి ఉంది. తీస్తే నువ్వు చెప్పిందే నిజమని ఒప్పుకోవాలి. తియ్యలేదు. నువ్వు బస్టాండు వైపు తిరగగానే అమ్మయ్య అనుకున్నాను.

నువ్వు చెప్పకుండా వెళ్లిపోయావు, అంతే. నేను కళ్లారా చూసి కూడా, సరుకు బయటికి తీసుకుపోరాదన్న బోర్డు తియ్యకుండా, నెల తర్వాత ఆదిలక్ష్మమ్మకు ఆ చీర అమ్మాను. కాబట్టి నీ సగం నాకు ఇచ్చెయ్. అది నాదే.

మొన్న గురువారం ఆదిలక్ష్మమ్మ రెండో కూతురిని తీసుకుని వచ్చింది. ఆ పిల్ల పెళ్లి వచ్చే నెలలో. ఊళ్లో ఎవరో కిటికీల సంగతి చెప్పారట. మనసు మార్చుకుని వచ్చిందో, పరీక్ష పెట్టడానికి వచ్చిందో తెలియలేదు. కృష్ణప్ప పసుపు చీర పరిచి, పక్కన రవికె గుడ్డ తాను విప్పాడు. కత్తెర తీసుకోబోతుంటే నేను ఆపాను. నీ ఉత్తరం చదివి ఉండకపోతే ఆపేదాన్ని కాదు. "ఆదిలక్ష్మమ్మా, పోయినసారి తెలియక పొరపాటు అయ్యిందని నీకు సెప్పినా. అది అబద్ధం. రంగు తేడా వస్తాండాదని నాకు ముందే తెలుసు. తెలిసే అమ్మినా. ఇది విన్నాక నీకు ఇష్టమైతేనే కొను" అన్నాను. వెంట వచ్చిన ఆడవాళ్లు పరిచిన చీర మీద నుంచి చేతులు తీసేశారు. కృష్ణప్ప నా వైపు చూడలేదు. మీ అన్న పేరున్న బోర్డు ఆ రోజే దిగిపోతుందనుకున్నాను.

ఆదిలక్ష్మమ్మ చీరా రవికె గుడ్డ తానూ చంకన పెట్టుకుని లేచి తలుపు దాటి వీధిలోకి వెళ్లిపోయింది. నేను ఆపలేదు. తెరిచిన తలుపులోంచి కనిపిస్తూనే ఉంది. రోడ్డు పక్కన ఎండలో నిలబడి, చీర మడతలు విప్పి, రవికె గుడ్డ దాని మీద వేసి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. రెండో కూతురిని పిలిచి దాని భుజం మీద వేసి చూసింది. అంతసేపూ నేను నీ పేరే తలుచుకున్నాను.

తిరిగి వచ్చి చీరను కృష్ణప్ప ముందు పెట్టింది. నాతో మాట్లాడలేదు. ఆయనతోనే అంది. ఆ మాట నీకు చేరాల్సిన మాట కాబట్టి ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"ఆడా ఇదే రంగు, ఈడా ఇదే రంగు. కొయ్యి కృష్ణప్పా."

మీ వదిన,
రెడ్డెమ్మ